కాలని తలుపు

తలుపు కాలి బూడిదైందని ప్రమాణం చేసి చెప్పిన పెద్దమనుషుల్లారా, మీది పచ్చి అబద్ధం. తలుపు కాలలేదు. దానికి కాళ్ళు తగిలించి, పైన అద్దం పరిచి, అమ్మకానికి పెట్టారు. చూసింది పిన్ని. మీరు రాసిన తీర్పును ఇన్నేళ్ళూ తల వంచుకుని మోసిన మనిషి.

వాళ్ళ అక్క కూతురు పిన్నీ అని పిలుస్తుంటే వీధంతా అదే పిలుపు పట్టుకుంది. ఒకప్పుడు గోనెసంచుల గోదాములో అక్కతో కలిసి చిరుగులు కుట్టేది. పిన్ని జ్వరంతో పని మానిన రోజున గోదాము అంటుకుంది. లోపలున్న ఆడవాళ్ళు పొగకు ఊపిరాడక పోయారు, అక్క కూడా. మేస్త్రీగా ఉన్న అక్కే, పని తెమిలేదాకా ఎవరూ కదలకూడదని లోపలినుంచి గడియ పెట్టిందని విచారణలో తేల్చారు. లోపల అసలు గడియే లేదని పిన్ని మొత్తుకుంది. చెల్లెలు కదా, అలాగే చెబుతుందన్నారు. అంతమంది ఒకే మాట అనేసరికి, పోనుపోను ఆమెకే అనుమానం పట్టుకుంది. అక్క కూతురు మాత్రం 'తలుపేసినదాని కూతురు'గా పెరిగింది. బళ్ళో పక్కన కూర్చునే పిల్ల కూడా దొరకలేదు.

ఆ గోదాము ఇప్పుడు పాత సామానూ చేతిపనులూ అమ్మే కొట్టు. పిన్ని కుట్టే గుడ్డసంచులు నచ్చాయట, తెచ్చి చూపించమని కబురు పెట్టారు. వచ్చిందే గాని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రా పిన్నీ. నాకు మాత్రం సరదానా? సంచులు వాళ్ళ మొహాన పడేసి పోదాం," అంది వెంట వచ్చిన అక్క పిల్ల, మూట భుజం మార్చుకుంటూ.

లోపల గోడలకు కొత్త సున్నం. గోనెలు పేర్చిన చోట పింగాణీ జాడీలు, ముళ్ళు లేని గడియారాలు, వెదురు బుట్టలు, మట్టిబొమ్మలు.

"మన అటకమీది ఇస్త్రీపెట్టె ఇక్కడ రాణీగారిలా కూర్చుంది చూడు. మనమూ ఆ అద్దాల బీరువాలో దూరుదామా, నాలుగు డబ్బులు పలుకుతామేమో."

"నోర్మూసుకుని నడువు," అంది పిన్ని. కానీ నవ్వొచ్చింది.

కొట్టు యజమాని ఒకప్పుడు గోదాము నడిపిన షావుకారు కొడుకే. మర్యాదగానే ఒక పొడుగాటి బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. "దీనిమీద పరచండమ్మా. గీతలు పడకుండా చూడండి, అమ్ముడైపోయింది. ఇంకాసేపట్లో బండి వస్తుంది."

పిన్ని మూట విప్పబోయి ఆగింది. అద్దం కింద చెక్క పొగచూరి ఉంది. ఒక మూల నూనెడబ్బా మూతను వంకర మేకులతో కొట్టిన అతుకు. ఎలుకలు దూరుతున్నాయని అక్క కొట్టిన రేకు అది. సుత్తి వేలిమీద పడితే తిట్టుకుంటూనే నవ్విన అక్క. పిన్ని చెయ్యి అద్దంమీద మెల్లగా పైకి పాకింది. చెక్కనిండా గీతలు. నాలుగేసి, నాలుగేసి, పక్కపక్కన.

"ఇవేంటి బాబూ?"

"పాత చెక్కకు అదే అందమమ్మా. కొన్నాయన వాటిని చూసే మనసు పారేసుకున్నాడు."

పిన్ని అక్కడే కూలబడింది. కూలబడ్డ చోటినుంచి బల్ల అడుగు కనిపించింది. ఆకుపచ్చ రంగు, తలుపు బయటివైపు వేసిన రంగు. దానిమీద ఇనప గడియ, గడియకు తాళంకప్ప. వేసింది వేసినట్టే ఉంది. ఆ రోజు తలుపు పగలగొట్టినప్పుడు ద్వారబంధం ముక్క కూడా దాన్ని పట్టుకుని ఊడొచ్చింది. పైవైపు, గోళ్ళ గీతలున్న వైపు, గడియ బిగించిన బెజ్జమైనా లేదు.

"ఇలా రావే," అంది.

పిల్ల వంగి చూసింది.

"పిన్నీ, తాళం బయట ఉంది."

"ఊఁ."

"అమ్మ లోపల కదా."

యజమాని కూడా వంగాడు. లేచేసరికి మొహాన నెత్తుటిచుక్క లేదు. "నాన్నగారి పాత షెడ్డులో పడుంటే తీయించానమ్మా. ఆ తాళం ఊడిరాకపోతే, ఉంటే బావుంటుందిలే అని వదిలేశాం. నాకేం తెలీదు." వీధివైపు తొంగి చూశాడు. "మీరు బాధపడకండి. బండి ఎక్కించేలోగా ఆ తాళం కోయించేస్తాను."

పిన్ని లేచి బల్లెక్కి కూర్చుంది. అద్దం పటుక్కున చిట్లింది. పిల్ల కూడా ఎక్కి ఆమెను ఆనుకుంది. బయట బండి వచ్చి ఆగిన చప్పుడు.

"బండి వెనక్కి పంపు," అంది పిన్ని. గొంతు పెంచలేదు. "రంపం తెచ్చావంటే ముందు నన్ను కోయించాలి. విచారణ చేసినవాళ్ళను ఇక్కడికి రప్పించు, ఒక్కొక్కణ్ణీ మోకాళ్ళమీద వంగి చూడమను. మా అక్కమీద రాసిందంతా ఈ పిల్ల ఎదుట కొట్టేసి, తాళం వేసిన చెయ్యి ఎవరిదో రాయమను. మీ నాన్న ఇంట్లోనేగా ఉన్నాడు? తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో అడిగి రా. నుంచున్నావేం, వెళ్ళు."