చందూలాల్ వేయని కేక

చందూలాల్‌కు బొగ్గు గనిలో ఉద్యోగం ఫుట్‌బాల్ వల్లే వచ్చింది. కేసముద్రం దగ్గరి తండాలో పుట్టి, ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు ఇరవై రెండేళ్లకు ఉమ్మడి రాష్ట్ర జట్టులో డిఫెండరయ్యాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక భూపాలపల్లిలో అమ్మాయిల జట్టుకు కోచ్ అయ్యాడు. డిఫెండర్‌కు కాళ్లకన్నా ముందు నోరు ఆడాలని వాళ్లకు నేర్పేవాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా చూపు పక్కకు తిప్పుకునేవాడు.

దానికి కారణమైన సంగతి తొంభై మూడు నాటిది. రాష్ట్ర జట్టు శిబిరం కోస్తాలో జరిగింది. వరంగల్ జిల్లా నుంచి ఎంపికైంది ఇద్దరే. ఒకడు చందూలాల్, రెండోవాడు జనగామ దగ్గరి తరిగొప్పుల నుంచి వచ్చిన గోల్‌కీపర్ జైపాల్. మొదటి రోజు ప్రాక్టీసులో చందూలాల్ "ఎన్కకు సూడు" అని కేక వేశాడు. కొందరు ఆట ఆపి అతని యాసకు నవ్వారు. భోజనాల దగ్గర ఒకడు ఆ మాటనే సాగదీసి పలికితే బల్లంతా నవ్వింది. వారం రోజులు అదే వరస. అతను కేకలు తగ్గించాడు, తర్వాత పూర్తిగా మానేశాడు. వాళ్లలా మాట్లాడటం నేర్చుకోసాగాడు.

సెమీఫైనల్ ఇంకో నాలుగు నిమిషాల్లో ముగుస్తుందనగా జైపాల్ ఒక బంతిని చక్కగా పట్టుకున్నాడు. దూరంగా తన్నడానికి దాన్ని నేలమీద పెట్టాడు. అవతలి జట్టు ఫార్వర్డ్ ఒకడు గోల్‌పోస్టు పక్కనే, అతని వెనక ఉండిపోయాడు. జైపాల్‌కు కనబడలేదు. పది గజాల దూరంలో నిలబడ్డ చందూలాల్‌కు కనబడ్డాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల చుట్టూ లేచిన నవ్వు గుర్తొచ్చి నోరు తెరవలేదు. ఆ ఫార్వర్డ్ ముందుకు దూకి బంతిని వలలోకి తన్నేశాడు. జట్టు ఓడిపోయింది.

ఎవరూ కీపర్‌ను హెచ్చరించలేదా అని మేనేజర్ అందరినీ నిలబెట్టి అడిగాడు.

"నేను చెప్పానండి. అతను వినిపించుకోలేదు" అన్నాడు చందూలాల్.

నేర్చుకున్న మాటతీరు ఒక్క తప్పు లేకుండా పలికింది. జైపాల్ అతనివైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. మళ్లీ ఏ జట్టూ జైపాల్‌ను పిలవలేదు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. సకల జనుల సమ్మెలో గనులు ఆగిపోయాయి, బస్సులు డిపోలు దాటలేదు. భూపాలపల్లిలో రోడ్డు పక్కన వేసిన టెంటును కార్మిక నాయకుడు దేవేందర్ నడిపేవాడు. ఒకరోజు అతను చందూలాల్ చేతికి మైకిచ్చి, ఆ జట్టులో పడ్డ అవమానం చెప్పమన్నాడు. చందూలాల్ శిబిరం సంగతి చెప్పాడు. సెమీఫైనల్ సంగతి చెప్పలేదు. జనం జై తెలంగాణ అన్నారు, ముసలివాళ్లు వచ్చి భుజం తట్టారు.

జనగామ నుంచి మద్దతుకు వచ్చిన ఉప్పలయ్య అనే ఉపాధ్యాయుడు చందూలాల్ వేదిక దిగాక పలకరించాడు. జైపాల్ కూడా అదే జట్టులో ఆడాడు కదా అని అడిగాడు.

"మా దిక్కు ఆయనను ఇప్పటికీ బాల్ కింద పెట్టిన జైపాల్ అంటరన్నా. ఆయన పెండ్లిల సుత గదే పేరు పిలిచి నవ్విండ్రు" అన్నాడు.

చందూలాల్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు పొద్దున్నే మోటారు సైకిల్ మీద తరిగొప్పులకు బయల్దేరాడు. ఇల్లు వెతుక్కుని పోతే జైపాల్ భార్య మరియమ్మ చేను చూపించింది. జైపాల్ పత్తి ఏరుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. చందూలాల్ నిలబడే అంతా చెప్పాడు. జైపాల్ ఏరుతూనే విన్నాడు.

"నువ్వు ఒర్రలేదని నాకు ఆ పొద్దే ఎరుక" అన్నాడు చివరికి. "పది గజాల కాడ ఒర్రితే ఇనపడదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?"

"ఎవలికి జెప్పాలె? నేను నోరిప్పినా నవ్వెటోళ్లే గద." అతను నడుం నిటారు చేసి చందూలాల్‌ను చూశాడు. "వాళ్లు నవ్విండ్రని నువ్వు ఒర్రలే. గది నాకు సమజైతది. అబద్ధం జెప్పింది ఎవలు నవ్విండ్రని?"

 టెంటులో మైకు పట్టుకుని మొత్తం చెబుతానన్నాడు చందూలాల్. నీ ఇష్టమని జైపాల్ మళ్లీ వంగి పత్తి ఏరుకోసాగాడు. మరియమ్మ అన్నం తిని పొమ్మన్నా చందూలాల్ ఆగలేకపోయాడు.

ఆ మర్నాడు టెంటులో మైకు అడిగి తీసుకున్నాడు. గోలు, మేనేజర్ ప్రశ్న, తన జవాబు, జనగామ ఉపాధ్యాయుడు చెప్పిన పేరు, ఏదీ దాచలేదు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటివి చెబితే మన ఉద్యమమే పలచనవుతుందని దేవేందర్ చెవిలో గొణిగి మైకు లాక్కున్నాడు. ముందు వరసలో కూర్చున్న చందూలాల్ జట్టు అమ్మాయిలు లేచి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం పద్దెనిమిది మందిలో ఏడుగురే గ్రౌండుకు వచ్చారు. డిఫెండర్ మౌనిక బూట్లు కట్టుకుని అతని ఎదుట నిలబడింది.

"సార్, ఆ జనగామ సార్ రాకపోతే మీరు చెప్పెటోళ్లా?"

చెప్పేవాడినేనని అనబోయి చందూలాల్ ఆగాడు.

"లేదు" అన్నాడు.

మౌనిక తలూపి గ్రౌండులోకి పోయింది. అతను విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఏడుగురూ అతను ఊదకముందే గ్రౌండు చుట్టూ పరుగు మొదలుపెట్టారు.