రొట్టెలవాడి నోట్లో పడని రొట్టె

బన్ను ఒంట్లో చక్కెర ఎక్కువైందని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి వాళ్లమ్మకి కంటిమీద కునుకు లేదు. బన్ను అంటే పసివాడేమీ కాదు. నలభై ఏళ్లవాడు, సొంత బేకరీ ఉన్నవాడు, ఇద్దరు మనుషులు పిసకాల్సిన పిండిముద్దని ఒక్కడే పిసికి పారేసేవాడు. చిన్నప్పుడు బుగ్గలు చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. బుగ్గలూ పోలేదు, పేరూ పోలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "ఇంకా గీత దాటలేదమ్మా, గీత మీద నిలబడ్డాడు. మూడు నెలలు రొట్టె, అన్నం, బంగాళాదుంప, తీపి, అన్నీ మానేయించండి. మళ్లీ రక్తం చూద్దాం. తగ్గితే మాత్రలే అక్కర్లేదు."

ఆవిడకి 'గీత' అన్న మాట తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు. ఇంటికొచ్చే దారిలోనే కొడుకు కళ్లు మసకబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, చేతికి కర్ర రావడం, బేకరీకి తాళం పడడం అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. ఆవిణ్ణి అని ఏం లాభం? ఈ జబ్బే బన్ను తండ్రిని తీసుకుపోయింది. ఆయనా రొట్టెలే కాల్చాడు, కాల్చినవాటిలో సగం తనే తిన్నాడు.

అంతే, ఇంట్లో రొట్టె కనపడకుండా పోయింది. వాడు తిననిది నేనెలా తింటానని ఆవిడా మానేసింది. ఇరవై ఏళ్లుగా బన్నుకి ఒక అలవాటుంది. ప్రతి వాయిలోనూ మొదటి రొట్టెని వేడివేడిగా విరిచి ఒక ముక్క నోట్లో వేసుకుని, తల ఊపి, అప్పుడు మిగతావి బయటికి తీసేవాడు. ఇప్పుడా ముక్కా లేదు. ఓవెన్ పక్కన నిలబడి ఉడికించిన గుడ్డు నములుతూ, రంగు చూసి, వాసన పట్టి, అంతా బాగానే ఉందనుకుంటున్నాడు. ఈ సంగతి కొట్టుకొచ్చేవాళ్లకి తెలియనివ్వలేదు. రొట్టెలవాడే రొట్టె ముట్టడం లేదంటే జనం ఏమనుకుంటారు? పిండిలో పురుగుందనుకోరూ!

ఇంట్లో కాపలా కాయడం ఒక ఎత్తు, హోటల్లో కాయడం ఒక ఎత్తు. ఆదివారం బేకరీకి సెలవు, తల్లీకొడుకులు బయట తినడం మామూలు. మొదటి ఆదివారం ఒట్టి కూరగాయల సూపేనని సర్వరు ఒట్టు పెట్టి తెచ్చాడు. చెంచా నిలబెడితే నిలబడింది. ఆవిడ చెయ్యి కడుక్కునే వంకతో వంటింట్లోకి వెళ్లి, మైదా డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. రెండో ఆదివారం ఆమ్లెట్టు మరీ పొంగిందని అనుమానం వచ్చి అడిగితే, అందులోనూ గరిటెడు పిండి. మూడో వారం ఆవిడ బల్లముందు కూర్చోగానే సర్వరు లోపలికి పోయి ఇంకొకణ్ణి పంపించాడు.

"గుడ్లు ఉడకబెట్టి పట్రా బాబూ, పెంకుతోటే పట్రా" అంది ఆవిడ. "పెంకు లోపల ఎవరూ పిండి కలపలేరు."

"అమ్మా, మెల్లగా! అందరూ చూస్తున్నారు" అన్నాడు బన్ను.

"చూడనీ. రేపు నీ కాలికి కట్టు కడితే వీళ్లొచ్చి చూస్తారా?"

సరిగ్గా ఇలాంటి రోజుల్లో వచ్చింది పెద్ద హోటలు పిలుపు. హోటలు యజమాని రెండో భోజనశాల తెరుస్తున్నాడు. రోజుకి ఎనభై రొట్టెలు కావాలి. ఆ ఆర్డరు దొరికితే బన్ను కొత్త ఓవెన్ కొనుక్కోవచ్చు. ఒక తలుపు ఊడిపోయి ఇటుకతో నిలబెట్టిన పాతదానితో కుస్తీ తప్పుతుంది. బన్ను ఎగిరి గంతేశాడు, కానీ ఆ యజమాని పద్ధతి గుర్తొచ్చి గంతులోంచి కిందికి దిగిపోయాడు.

ఆ పద్ధతి ఊరంతా ఎరిగిందే. ఆయనకి సరుకు అమ్మేవాడు ఎవడైనా సరే, వంటవాళ్లందరి ముందూ ఆయనతో కలిసి కూర్చుని, తన సరుకు తను కడుపునిండా తినాలి. చేపలాయన చేప తిన్నాడు. పాలావిడ మూడు గ్లాసుల పాలు తాగింది. ఒక పచ్చళ్లాయన మాత్రం రెండో ముద్దకి నసిగాడు, అటునుంచి అటే ఇంటికెళ్లాడు.

"అయితే వెళ్లకు" అంది తల్లి.

"ఎనభై రొట్టెలమ్మా! ఒక్కపూట నాలుగు ముక్కలు తింటే ఏమవుతుంది?"

"మీ నాన్నా ఇదే అన్నాడు. ఒక్కపూట, ఒక్కపూట అంటూనే..." ఆవిడ కాసేపు ముక్కు తుడుచుకుని, కొంగు దోపుకుని అంది. "సరే. నేనూ వస్తాను. నా పెద్ద సంచీ తెస్తాను."

గురువారం మధ్యాహ్నం కిటికీ పక్కన పొడుగాటి బల్ల. నేలదాకా జీరాడే తెల్లగుడ్డ పరిచారు. ఒక పక్క యజమాని, ఎదురుగా బన్ను, బన్నుకి ఆనుకుని తల్లి, ఆవిడ ఒళ్లో నోరు తెరిచిన సంచీ. గోడ పక్కన చేతులు కట్టుకుని వంటవాళ్లు. వాళ్లకి ముందు పెద్ద వంటావిడ, గరిటె ఇంకా చేతిలోనే ఉంది. బల్లమీద కాల్చిన కోడి, వేయించిన బంగాళాదుంపలు, సూపు, మధ్యలో బుట్టనిండా పొద్దున బన్ను కాల్చి తెచ్చిన రొట్టె, ముక్కలు కోసి.

"కానివ్వండి మరి!" అన్నాడు యజమాని.

బన్ను ముక్క తీసుకున్నాడు, సూపులో ముంచాడు, నోటిదాకా తెచ్చాడు.

"అయ్యో, ఆ కిటికీ బయట ఏమిటి బాబూ అది?" అంది తల్లి.

అందరి తలలూ అటు తిరిగాయి. ముక్క సంచీలో పడింది. బన్ను ఖాళీ నోరు గట్టిగా నమిలాడు.

"పిల్లి అనుకున్నాను" అంది ఆవిడ.

రెండో ముక్కకి ఆవిడకి దగ్గు వచ్చింది. మూడోదానికి చెంచా కిందపడింది. నాలుగోదానికి పైకప్పు మీద చెమ్మ మరక ఆవిడని చాలా భయపెట్టింది. "కూలదు కదా బాబూ?" అని అడిగితే యజమానితో సహా అందరూ పైకి చూశారు. అలా ఆరు ముక్కలు. సంచీ వెచ్చగా బరువెక్కింది.

"ఆహా, తినడమంటే ఇదీ!" యజమాని తొడ చరిచాడు. తనూ ఒక ముక్క నోటికి తీసుకెళ్లి, నేప్‌కిన్‌తో మూతి తుడుచుకుని అన్నాడు. "భలే మెత్తగా ఉందయ్యా! ఉప్పూ గిప్పూ సరిగ్గా సరిపోయింది."

"ఉప్పు దగ్గరే ఉంటుందండీ రొట్టె పనితనమంతా" అన్నాడు బన్ను, లేని ముక్కని మింగుతూ.

అప్పుడు వచ్చింది ఆవిడకి అనుమానం. మూడు వారాలుగా ఒకే మనిషి నోటివంక చూస్తూ కూర్చున్న తల్లికి, ఎవరు మింగుతున్నారో ఎవరు నటిస్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది. యజమాని దవడ ఆడుతోంది గానీ గొంతు కదలడం లేదు. కోడిముక్కకి కదిలింది. బంగాళాదుంపకి కదల్లేదు. రొట్టెకీ కదల్లేదు. కదలనప్పుడల్లా మూతి తుడుచుకుంటున్నాడు. నేప్‌కిన్ ఏమో చిన్న మూటలా ఉబ్బి ఉంది.

ఆ చూడడంలో ఆవిడ సంచీ మీద పట్టు వదిలేసింది. అది జారి ధబ్బున కిందపడింది. "నా సంచీ!" అంటూ ఆవిడ గుడ్డ ఎత్తి బల్లకిందికి దూరింది. పెద్దావిడ వంగుతోందని యజమాని మర్యాదకి తనూ వంగాడు. వంగితే ఒళ్లో నేప్‌కిన్ జారింది. బల్లకింద చీకట్లో, ఒకవైపు నుంచి ఆరు రొట్టెముక్కలు, ఇంకోవైపు నుంచి బంగాళాదుంపలూ రొట్టె తునకలూ దొర్లుకుంటూ వచ్చి కలుసుకున్నాయి.

ఇద్దరూ మోకాళ్ల మీద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మగారూ, ఏమిటిది?" గుసగుసగా అడిగాడు యజమాని.

"మీదేమిటి బాబూ?"

ఆయన నీళ్లు నమిలాడు. "...బంగాళాదుంప."

"ఎంత?"

"ఏమిటెంత?"

"పరగడుపున ఎంతుందని అడుగుతున్నాను. మావాడికి నూట పద్దెనిమిది."

యజమాని తల వంచేశాడు. "రెండు వందల పది."

"రెండు వందల పదా!" ఆవిడ లేవబోయి బల్లకి తల కొట్టుకుంది. పైన గ్లాసులు గలగలలాడాయి. "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? చూపు సరిగా ఆనుతోందా? ఇంట్లో చూసేవాళ్లెవరూ లేరా నిన్ను? ఇంత పెద్ద హోటలు పెట్టుకుని ఈ నాటకాలేమిటి నాయనా?"

"హోటలు యజమానే హోటల్లో తినడం లేదంటే ఇంకెవరు తింటారమ్మా?"

ఆవిడ తల ఊపింది. వాళ్ల కొట్లో సంగతీ అదే కదా. పైనుంచి బన్ను గొంతు వినిపిస్తోంది. "మా అమ్మ జపమాల తెగిందండీ, పూసలు ఏరుతున్నారు."

"మీరు నా సంగతి చెప్పకండి, నేను మీ సంగతి చెప్పను" అన్నాడు యజమాని.

"సరే. ఆర్డరో?"

"అదెలా ఇస్తానమ్మా? కాల్చినవాడు తినలేదు, కొనేవాణ్ణి నేనూ తినలేదు. రొట్టె ఎలా ఉందో ఇద్దరికీ తెలియదు."

"నేను తింటాను. నాకు చక్కెరా లేదు, బెల్లమూ లేదు. మొన్ననే చూపించుకున్నాను. భయం ఒక్కటే ఎక్కువ, దానికి పథ్యం లేదన్నారు."

ఆవిడ ముక్కలు సంచీలోకి, ఆయన తునకలు జేబులోకి ఎత్తుకుని, ఇద్దరూ ఏమీ ఎరగనట్టు పైకొచ్చారు. మోకాళ్లు దులుపుకుని ఆవిడ బుట్టలోంచి ముక్క తీసి, అందరి ముందూ కొరికింది. ఆ పూట ఆ బల్లదగ్గర నిజంగా నమిలిన మొదటి రొట్టె అదే. నమిలింది. ఆగింది. మళ్లీ నమిలింది. గుండె జారి సంచీలో పడింది.

ఒక్క రవ్వ ఉప్పు లేదు.

పాపం, ఆర్డరు కంగారులో బన్ను ఉప్పు వేయడం మరిచిపోయాడు. మామూలు రోజైతే మొదటి ముక్క నోట్లో పడగానే తెలిసేది. ఇప్పుడు వాసనకేం తెలుస్తుంది?

"ఎలా ఉందమ్మగారూ?" పెద్ద వంటావిడ గరిటె పట్టుకుని ముందుకొచ్చింది.

బాగుందని ఒక్క మాటంటే చాలు. ఎనభై రొట్టెలు, కొత్త ఓవెన్. కానీ రేపు రొట్టె తిన్నవాళ్లందరూ ఉమ్మితే? వాణ్ణి నలుగురిలో నిలబెట్టి తిడితే? బేకరీకి తాళం పడితే? ఆవిడకి మళ్లీ అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. ఎటుచూసినా తాళమే కనిపించింది. నిజం చెబితే ఆ తాళమేదో ఇవాళే పడుతుంది, కనీసం రాత్రికి నిద్రయినా పడుతుంది.

"ఉప్పు లేదమ్మా" అంది చిన్నగా.

బన్ను మొహం పిండి చల్లినట్టు తెల్లబోయింది. వంటావిడ ఒక ముక్క తుంపి నోట్లో వేసుకుంది. "నిజమే. చప్పిడి" అని, నమలడం ఆపి, బన్ను వంకా యజమాని వంకా మార్చి మార్చి చూసింది. "మరి ఉప్పు సరిపోయిందని ఇంతసేపూ మీరిద్దరూ మెచ్చుకుంటూ తిన్నది దేన్నండీ?"

గోడ పక్కన వంటవాళ్లందరూ మెడలు చాచారు.

తల్లి సంచీ తీసి బల్లమీద బోర్లించింది. "వీడు తినలేదు తల్లీ. నేనే దాచాను. వీడికి ఒంట్లో బాగాలేదు, రొట్టె తినకూడదు. ఆర్డరు పోతే పోనీ, నాకు వాడి కాళ్లు మిగలాలి." యజమాని గురించి మాత్రం పెదవి విప్పలేదు. మాట మాటే.

"మరి అయ్యగారు?" అంది వంటావిడ.

యజమాని చెవులు ఎర్రబడ్డాయి. "నేను... నాకు... కొంచెం..."

"చెప్పకండి సార్. రెండు నెలలుగా ఆ నేప్‌కిన్లు విదిలించి ఉతుకుతున్నది మేమే. పొద్దున బంగాళాదుంపలు, సాయంత్రం అన్నం. మా వంట నచ్చడం లేదేమోనని నలుగురం కుమిలిపోతున్నాం."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని ముందు కోపంగా చూడబోయాడు, అది కుదరలేదు, నవ్వొచ్చేసింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు, ఈసారి ఖాళీ నేప్‌కిన్‌తోనే.

"రేపు ఉప్పేసి పట్రావయ్యా" అన్నాడు బన్నుతో. "తినడానికి మనిద్దరం పనికిరాం. మా వంటావిడా మీ అమ్మగారూ తింటారు. వాళ్లు బాగుందంటేనే ఎనభై."

శుక్రవారం అదే బల్ల. ఒక వైపు పెద్ద వంటావిడా తల్లీ ముక్క మీద ముక్క లాగిస్తూ, ఒకరికొకరు వెన్న అందించుకుంటున్నారు. ఎదురుగా ఇద్దరు మగాళ్లు కాల్చిన చేప, ఉడికించిన ఆకుకూర పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా కూర్చున్నారు. ఆ కూరలో పిండి లేదని తల్లి పొద్దున్నే వంటింట్లో నిలబడి కళ్లారా చూసుకుంది.

"బాగుంది. సోమవారం నుంచి ఎనభై పంపించండి" అని వంటావిడ తీర్పు చెప్పింది. బన్ను ఊపిరి వదిలాడు.

వదిలిన ఊపిరి మళ్లీ తీసుకోబోతే రొట్టె వాసన తగిలింది. పక్కన యజమాని కూడా ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బుట్ట మెల్లగా వాళ్లవైపు జరిగింది.

"వాసన చూడొద్దని డాక్టరమ్మ చెప్పలేదు కదా?" అన్నాడు యజమాని.

"చెప్పలేదండీ" అన్నాడు బన్ను, తల బుట్టలో పెడుతూ.

తల్లి లేచి బుట్ట లాగేసుకుంది.

"ఎవరికి తెలుసు, వాసనతోటి కూడా ఎంతో కొంత లోపలికి పోతుందేమో! రేపు నేను డాక్టరమ్మని అడిగొచ్చేదాకా ఇద్దరూ ముక్కులు మూసుకోండి."