చేతిలో తల

రాగిరేకు మీద గాజుపొడి రంగులు పరిచి కాల్చిన పలక ఎనిమిదిసార్లు కొలిమిలోకి వెళ్ళి పగలకుండా బయటపడితే, నా లెక్కలో అది ఎనిమిదిసార్లు దక్కిన సరుకు. మా మరిది సోమే చేసిన పునీత వలేరీ పలక అలాంటిది. పండగనాటికి అది చర్చి గోడకెక్కితే మా లిమోజ్ ఊరి పెద్దింటివాళ్ళందరూ మా కొట్టుకే వస్తారు. ఎక్కకపోతే పక్కవీధి కొలిమివాళ్ళ దగ్గరికి పోతారు. నా భర్త పోయిన ఆరేళ్ళుగా ఆ గోడమీద చోటుకోసమే తిరిగాను.

పలక చేయించింది నగరపెద్ద భార్య గాలియెన్ దొరసాని. "వలేరీకి నా ముఖం పెట్టండి. బిషప్‌కి మా ఆయనది, దేవదూతకి మా అత్తగారిది" అంది. సరేనన్నాను. తెగిన తన తలను తానే చేతుల్లో పట్టుకుని వలేరీ బిషప్ ముందుకు నడిచిందని ఈ ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. అది దొరసానికి తట్టలేదని నాకు తట్టలేదు.

పలకమీద బిషప్ ముందు మోకరిల్లి తల అందిస్తున్న వలేరీని చూడగానే దొరసాని ముఖం పాలిపోయింది.

"మా అత్తేమో రెక్కలేసుకుని పైన, నేనేమో మా ఆయన మోకాళ్ళ దగ్గరా! సంతలో క్యాబేజీలా ఉంది నా తల!"

"పోలిక మాత్రం అచ్చం మీదే అమ్మగారూ."

"అదేగా నా ఏడుపు! మెడమీదికి ఎక్కించండి."

సోమే తల పట్టుకున్నాడు. "కాలిన రంగు తుడవలేం వదినా, పైన ఇంకో పొర వెయ్యగలం, అంతే. చేతిలో తలమీద పుస్తకం వేసి కప్పేస్తా, మెడమీద కొత్త తల వేస్తా. తొమ్మిదో కాల్పు. పగిలితే నన్ననకు."

ముందుగా చర్చి ఫాదర్‌ని అడిగాను.

"తల మెడమీదుంటే వలేరీ ఎట్లా అవుతుందమ్మా? పుస్తకం పట్టుకున్న ఏ షావుకారు పెళ్ళామో అవుతుంది. నా చర్చిలో వద్దు."

మళ్ళీ దొరసాని ఇంటికి. "పోనీ, ఆ ముఖంమీద ఎవరిదీ కాని ముఖం వేయిస్తానమ్మగారూ. ఇచ్చింది మీరేనని అందరికీ తెలుస్తుంది."

"నా ముఖంమీద ఇంకోదాని ముఖమా? ముట్టుకో, మా ఆయనతో చెప్పి మీ కొలిమి ఆర్పిస్తా."

"అయితే ఉన్నది ఉన్నట్టు..."

"పెట్టి చూడు!"

ఆమె తీసుకోదు, మార్చనివ్వదు, మరొకరికి అమ్మనివ్వదు. సోమే నాలుగు నెలల చేతిపనిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను.

పండగరోజు గోడమీద పక్కవీధివాళ్ళ పలక ఉంది. తల చేతుల్లోనే ఉంది. ముఖం మాత్రం ఎవరిదీ కాదు, ఒలిచిన గుడ్డులా నున్నగా ఉంది. ముందువరసలో మోకరిల్లిన దొరసాని వెనక్కి తిరిగింది.

"చూశావా పెరొన్? పద్ధతి తెలిసినవాళ్ళ పని ఇలా ఉంటుంది."

"అవునమ్మగారూ" అన్నాను. సోమే ప్రార్థన సగంలో వదిలేసి, నావైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.