తడవని గడప

వీరలక్ష్మి సత్తుగిన్నెతో ఇంట్లో నీళ్ళు తోడి పారబోస్తోంది. గిలకలదిండిలో ఆ వీధికి ఇది మామూలే. పున్నమికీ అమావాస్యకీ పోటు పెరిగితే మురుగుకాల్వ ఎదురు తన్ని ఉప్పునీరు ఇళ్ళలోకి వస్తుంది. అప్పటికి మగాళ్ళు సముద్రంలో వేటమీద ఉంటారు. నీళ్ళు తోడాలి, ఇసుక చల్లాలి, పేడతో అలకాలి, మొగుడి పడవ రేవుకొచ్చేలోగా నేల ఆరాలి. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త సత్యవతమ్మ చెప్పింది: "వేట నుంచి వచ్చినోడు తడినేల తొక్కకూడదే, కీడు." పద్దెనిమిదేళ్ళుగా వీరలక్ష్మి నడుము ఆ మాట కిందే వంగి ఉంది. మొదట్లో నీళ్ళు గడప దాటి ఆగేవి. ఇప్పుడు పొయ్యి ఆర్పేస్తున్నాయి. రెండుసార్లు పొయ్యి వెనక్కి జరుపుకుంది. "ఊరికే కూచుంటే ఇలాంటి బుద్ధులే పుడతాయి," అని మొగుడు కోటయ్య నవ్వాడు.

సునామీ వచ్చిన మరుసటేడు ఆఫీసర్లు పటం పట్టుకొచ్చారు. సముద్రం పైకి వస్తోందట, ఊరికి కరకట్ట వేస్తారట. తుఫాను షెల్టరులో మీటింగు: మగాళ్ళు ముందు, ఆడాళ్ళు గోడవార.

"మీ వీధిలోకి నీళ్ళొస్తాయా?" ఆఫీసరు అడిగాడు.

"మా వీధిలోకా?" కోటయ్య ఛాతీ విరిచాడు. "నా పెళ్ళయి పద్దెనిమిదేళ్ళండి. ఒక్కనాడూ గడప తడవలేదు."

కరకట్ట కోసం గీసిన ఎర్రపెన్సిల్ గీత వాళ్ళ వీధిని బయటే వదిలేసి తిరిగింది. ఊళ్ళో నీళ్ళు బయటికి పోయే తూము కూడా అటే గీశారు.

అబద్ధమాడుతున్నాడేమోనని వీరలక్ష్మి మొగుడి మొహంలోకి చూసింది. లేదు. అతనికి నిజంగా తెలియదు. అన్నేళ్ళ నీళ్ళనీ తన చేతులతో తనే తుడిచేసింది, ఆ పటం మీంచి కూడా.

"వస్తాయండీ, మోకాలి దాకా..." అంది, తన గొంతు తనకే కొత్తగా.

"నువ్వూరుకోవే. ఎండుచేపలు తడుస్తాయని దాని బెంగండి." అందరూ నవ్వారు.

"పున్నమి మర్నాడొచ్చి హద్దురాళ్ళు వేస్తాం," అన్నాడు ఆఫీసరు పటం చుడుతూ.

పున్నమి మర్నాడు పొద్దున్నే పోటొచ్చింది. చెయ్యి అలవాటుకొద్దీ గిన్నె మీదికి వెళ్ళింది. తీసి, చూరులో దోపేసింది.

"పడవొచ్చే వేళయిందే! కీడే!" మంచమ్మీంచి అత్త కేకలు.

"కీడెప్పుడో వచ్చేసింది కదత్తా. కళ్ళారా చూడనీ."

రేవు నుంచి ఆఫీసర్ని వెంటబెట్టుకొచ్చిన కోటయ్య గుమ్మంలో అడుగు పెట్టి, పిక్కల దాకా నీళ్ళలో దిగాడు. "ఇదేంటే?" అన్నాడు.

అత్త పక్కన కాళ్ళు ముడుచుకు కూచున్న వీరలక్ష్మి అతన్ని దాటి, వెనకున్న ఆఫీసరు వైపు చూసింది.

"లోపలికి రండి సార్. చెప్పులు విడవక్కర్లేదు."