నోరు కట్టేసిన మాత్ర

ఆదివారం పొద్దుటి పనుల్లో డాక్టరమ్మకి బొత్తిగా బుర్ర అక్కర్లేని పని అత్తగారి మాత్రల డబ్బా నింపడం. ఏడు రోజులకి ఏడు గదులు. ఒక పక్క పాలు కాగుతుంటాయి, ఇంకో పక్క వాషింగ్ మెషీన్ పూనకం వచ్చినట్టు ఊగుతుంటుంది, మధ్యలో ఆవిడ చేతులు వాటంతట అవే టకటకా మాత్రలు పడేస్తుంటాయి. తెల్లది బీపీకి. పచ్చది కాళ్ళలో చేరిన నీరు పోవడానికి. నీలంది ఆ నీరు దారిలోనే పోకుండా ఆపడానికి. గులాబీది మతి నిలవడానికి. ఒకటి పొమ్మంటుంది, ఒకటి ఆగమంటుంది. ఆ ఇంటి మనుషుల్లాగే అవి కూడా ఒకదాన్నొకటి సంప్రదించుకోవు.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు ఎండిపోయిన పెదాలు నాలుకతో తడుపుకుని, "ఇవాళ ఏ వారమే?" అంది.

"ఆదివారం అత్తయ్యా."

"ఓహో," అని కాసేపాగి మళ్ళీ, "ఇవాళ ఏ వారమే?" అంది. అంతే. ఆ రెండు ముక్కలకి మించి ఆవిడ నోట మాట రావడం మానేసి ఏడాది దాటింది.

అదేమన్నా అల్లాటప్పా నోరా! ఆ నోటికి జడిసి పాలవాడు నీళ్ళు కలపడం మానేశాడు. కోడలు కాఫీ చల్లారబెట్టి తెచ్చిందనుకోండి, "మా కోడలికి నాడి చూడ్డం వచ్చుగానీ వేడి చూడ్డం రాదు" అనేది. కోడలు క్లినిక్ నించి ఆలస్యంగా వస్తే, గుమ్మంలోనే ఆపి, "ఊళ్ళో వాళ్ళకి ఒంట్లో బాగోలేదంటే పరిగెడుతుంది, ఇంట్లో వాళ్ళు వంట బాగోలేదంటే మాత్రం వినపడదు" అనేది. చుట్టాలు పకపకా నవ్వేవారు. డాక్టరమ్మ కూడా నవ్వేది, ఎందుకంటే నవ్వకపోతే 'పొగరు' అనే ఇంకో జబ్బు అంటగడతారు. ఆ నవ్వు పెదాల మీదే ఉండేది. లోపల మాత్రం ప్రతి మాటా ముల్లై దిగేది. చిత్రమేమిటంటే మాటలన్నీ మంచి మాటలే, అంటే మంచిగా కుదిరిన మాటలే. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. పదిహేనేళ్ళకే కాపురానికి వచ్చి, తన అత్తగారి ముందు ఇరవై ఏళ్ళపాటు నోరెత్తకుండా బతికిన మనిషి. ఆ ఇరవై ఏళ్ళలో పోగుపడ్డ మాటలన్నీ కోడలి రూపంలో చెవులు దొరగ్గానే కుమ్మరించేసిందేమో. ఆ ఇంట్లో ఆవిడ పేరున ఉన్న ఆస్తల్లా ఆ నోరొక్కటే.

కొడుకు గుండె డాక్టరు. పెద్దాసుపత్రిలో పెద్ద గదీ, గదికి పెద్ద తలుపూ ఉన్న డాక్టరు. భార్య నాలుగు వీధుల కూడలిలో చిన్న క్లినిక్ నడిపే ఫ్యామిలీ డాక్టరు. ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు ఆయన, "మా ఆవిడ కూడా డాక్టరే" అనేవాడు. పెళ్ళయిన దగ్గర్నించీ డాక్టరమ్మకి ఇంటిపేరు మారిందో లేదో గానీ, 'కూడా' అనే పేరు మాత్రం ఖాయమైపోయింది. పొద్దున కూడు వండాలి, పగలు 'కూడా' డాక్టరుగా పనిచెయ్యాలి. ఒకసారి విందులో ఆయన గ్లాసు పైకెత్తి, "నా దగ్గరికొచ్చేది జబ్బు, ఈవిడ దగ్గరికొచ్చేది జలుబు" అన్నాడు. మాటల మీటలు నొక్కడం తల్లి దగ్గరే నేర్చుకున్నాడు. తల్లి మాటల్లో ఉక్రోషం ఉండేది. కొడుకు మాటల్లో అదీ ఉండదు, ఉత్త ధీమా.

అత్తగారి మాత్రలు ఒకేసారి రాలేదు. బీపీకి తెల్లమాత్ర కొడుకు రాశాడు. కొన్నాళ్ళకి కాళ్ళు వాచాయి. భోజనాల దగ్గర ఓ చూపు చూసి, ఫోన్లో మాట్లాడుతూనే పచ్చమాత్ర చెప్పాడు. దాంతో ఆవిడ బాత్రూముకి తిరగడమే పనిగా పెట్టుకుంది; ఒక్కోసారి అక్కడిదాకా వెళ్ళేలోపే చీర తడిసిపోయేది. ఆ దుప్పట్లు, ఆ చీరలు ఎవరు ఉతికారన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. కొడుకు తన స్నేహితుడైన మూత్రాశయం డాక్టరుకి చూపిస్తే ఆయన నీలంమాత్ర రాశాడు. తడి ఆగింది. నోరూ ఆగింది. మెల్లగా పేర్లు మర్చిపోయింది, పొయ్యి ఆర్పడం మర్చిపోయింది, చివరికి వెక్కిరించడం మర్చిపోయింది. మెదడు డాక్టరు మతిమరుపు జబ్బని తేల్చి గులాబీమాత్ర రాశాడు. నలుగురు నాలుగు రంగులు పూశారు. మనిషి మాత్రం వెలిసిపోయింది.

"నువ్వు ఇంట్లో వైద్యం చెయ్యకు. సొంతవాళ్ళకి డాక్టరు కాకూడదు, అది నియమం," అన్నాడు భర్త, మొదట్లో ఆవిడేదో అనబోతే. నియమం ఆయన తెల్లమాత్రకి వర్తించదా అని అడగాల్సింది. అడగలేదు. పొయ్యి మీద కూర మాడుతోందని వెళ్ళిపోయింది. వెళ్ళడానికి అసలు కారణం కూర కాదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టేముందు ఊపిరి బిగబట్టనక్కర్లేకుండా ఉంది. కాఫీ చల్లారినా ఎవరూ ఏమీ అనరు. అత్తగారి తల దువ్వి, మూతి తుడిచి, మాత్ర నోట్లో వేస్తే బుద్ధిగా మింగుతుంది. చూసినవాళ్ళు, "ఎంత ఓపికమ్మా నీకు!" అని మెచ్చుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి దొరికిన మెప్పు అది.

ఈలోగా భర్తా ఆడపడుచూ ఫోన్లోనే మాట్లాడేసుకుని, మతిమరుపు వాళ్ళని చూసుకునే ఇంట్లో ఓ గది ఖాయం చేశారు. కిటికీకి చువ్వలూ, తలుపుకి బయటి గడియా ఉన్న గది. ఆయన గుండె డాక్టర్ల సదస్సుకి వెళ్ళి తిరిగి రాగానే అత్తగారిని అక్కడికి పంపించేయాలని నిర్ణయం. సదస్సులో ఆయన మాట్లాడబోయేది, ఆడవాళ్ళ గుండెజబ్బులు ఎందుకు ఆలస్యంగా బయటపడతాయన్న సంగతి మీద.

బుధవారం క్లినిక్‌లో 'సంచీల రోజు'. ముసలివాళ్ళు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచీలో వేసుకుని రావాలి. డాక్టరమ్మ వాటిని బల్ల మీద గుమ్మరించి, ఏది ఎందుకు వచ్చిందో, ఏది ఎవరి వెనకాల వచ్చిందో ఆరా తీస్తుంది. మందు కొత్తగా రాయడం కన్నా పాతది తీసెయ్యడమే కష్టమని ఈమధ్య పరిశోధకులు గట్టిగా చెబుతున్నారు. డాక్టరమ్మ ఆ పరిశోధనలన్నీ అన్నం వార్చేటప్పుడూ అంట్లు తోమేటప్పుడూ ఫోన్లో వింటుంది. కూర్చుని చదివే తీరిక ఎవరిచ్చారు గనక?

ఆ బుధవారం బట్టలు కుట్టే ఒకావిడ తన అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలావిడ కుర్చీలో కూర్చుని పెదాలు నాలుకతో తడుపుకుంది. సంచీ గుమ్మరించారు. తెల్లది. పచ్చది. నీలంది. గులాబీది.

డాక్టరమ్మ నోటికి అలవాటైన మాట అడ్డూ ఆపూ లేకుండా వచ్చేసింది. "ఇది మతిమరుపు జబ్బు కాకపోవచ్చమ్మా. ఈ తెల్లదానికి కాళ్ళు వాచాయి. వాచాయని పచ్చది ఇచ్చారు. దానికి బట్టలు తడుస్తున్నాయని నీలంది. ఈ నీలంది పెద్దవాళ్ళకి నోరెండగొడుతుంది, మతి మసకబారుస్తుంది. అది చూసి గులాబీది ఇచ్చారు. ఒక మందుకి విరుగుడుగా ఇంకో మందు, అంతే. వెనక నించి ఒక్కొక్కటే విప్పుకుంటూ పోదాం."

టైలరమ్మ మొహం వెలుగుతుందనుకుంది. వెలగలేదు.

"అంటే మళ్ళీ మాట్లాడుతుందా?"

"అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేను. చాలావరకు తేరుకోవచ్చు."

టైలరమ్మ అత్తగారి వైపోసారి చూసి గొంతు తగ్గించింది. "మీ దగ్గర దాపరికమెందుకు డాక్టరమ్మా. ఈ ఆర్నెల్లే నేను మెతుకు గొంతులో అడ్డం పడకుండా తిన్నది." తర్వాత తనే సిగ్గుపడి, కొంగుతో ముసలావిడ మూతి తుడిచింది. "మానిపించెయ్యండి. ఎంతైనా ఆవిడ నోరు ఆవిడది."

వాళ్ళు వెళ్ళాక డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలవలేకపోయింది. ఊళ్ళో వాళ్ళ సంచీలన్నీ తన బల్ల మీద గుమ్మరించుకుంది. తన ఇంట్లో సంచీ లేదు, డబ్బా ఉంది. దాన్ని వారం వారం తన చేత్తోనే నింపింది. గుండె డాక్టరు గుండె చూశాడు, మూత్రాశయం వాడు మూత్రాశయం చూశాడు, మెదడు వాడు మెదడు చూశాడు. మొత్తం మనిషిని చూడ్డమే తన చదువు. ఆ చదువుని గుమ్మం బయట చెప్పులతో పాటు విప్పి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం భర్త సదస్సుకి పెట్టె సర్దుకుంటున్నాడు. సర్దుకుంటున్నాడంటే, ఆవిడ మడతపెట్టిన చొక్కాలు ఆయన లెక్కచూసుకుంటున్నాడు.

"అత్తయ్య మందులు మారుస్తున్నాను," అంది.

"ఏం మందులు?"

"అన్నీ. ముందు నీలంది ఆపేస్తాను. తెల్లదాని బదులు ఇంకోటి. కాళ్ళ వాపు తగ్గితే పచ్చది. మెదడాయనతో మాట్లాడి గులాబీది."

ఆయన నవ్వాడు. "ఆ నీలంది రాసింది ప్రొఫెసరు. నువ్వేమో..." అని మిగతాది మింగేశాడు.

"జలుబు డాక్టర్ని. ఆయనకి మధ్యాహ్నం ఫోన్ చేశాను. 'అయ్యో, మీరింట్లోనే ఉన్నారు కదా, చూసుకుంటారనుకున్నా' అన్నారు. అందరూ అదే అనుకున్నారండీ. నేను కూడా ఎవరో చూస్తున్నారనే అనుకున్నాను."

"ఇంట్లోవాళ్ళకి వైద్యం చెయ్యకూడదని చెప్పానా?"

"నేను చేసేది వైద్యం కాదు, మీరు చేసింది విప్పడం. జబ్బు మాన్పాలంటే ఒక్కోసారి మందు మాన్పించాలి. ఆ గది ఇప్పుడే వద్దని మీ చెల్లెలికి చెప్పండి."

"ఆవిడ మా అమ్మ," అన్నాడు గొంతు పెంచి.

"మీ అమ్మే. రెండేళ్ళుగా ఆవిడకి ఏ మాత్ర ఎందుకేస్తున్నామో మీరు చెప్పగలరా?"

ఆయన పెట్టె మూత వేసి, "నీ ఇష్టం. ఏదైనా అయితే మాత్రం బాధ్యత నీది," అన్నాడు.

"ఇప్పటిదాకా అయింది కూడా నాదే," అంది ఆవిడ. ఆయనకి అర్థం కాలేదు.

నీలంమాత్ర ఆపి, తెల్లది మార్చి, డాక్టరమ్మ రోజూ బీపీ చూసింది, కాళ్ళు నొక్కి చూసింది. వాపు తగ్గింది. పచ్చమాత్ర అక్కర్లేకపోయింది. బాత్రూముకి పరుగులు తగ్గాయి. ఒకరోజు అత్తగారు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కేకేసింది. ఇంకోరోజు కాఫీ గ్లాసు పట్టుకుని, "ఇది కాఫీయా, కాఫీకి కాపీయా?" అంది. డాక్టరమ్మ వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. అంతా వెనక్కి రాలేదు. కొన్ని పేర్లు రాలేదు. రాత్రిళ్ళు తడబాటు పూర్తిగా పోలేదు. గది సంగతి ఆడపడుచు మళ్ళీ ఎత్తలేదు. సదస్సు నించి వచ్చిన నెలన్నరకి ఓ పొద్దున కొడుకు తల్లి మాటలు విని, "చూశావా, గులాబీమాత్ర పనిచేసింది," అన్నాడు. అది ఆపేసి అప్పటికి రెండు వారాలు.

ఒక మధ్యాహ్నం అత్తగారు బట్టలు మడతపెడుతూ అడిగింది. "చెల్లాయి ఫోను చెయ్యడం లేదేమే? అలిగిందా?"

డాక్టరమ్మ చేతిలో దుప్పటి పక్కన పెట్టేసింది. అత్తగారి తోడబుట్టిన ఆ చెల్లెలు పోయి తొమ్మిది నెలలు. అత్తగారిని దగ్గరుండి తీసుకెళ్ళింది తనే. ఆఖరి చూపుకి కుర్చీ వేసి కూర్చోబెడితే, "ఇవాళ ఏ వారమే?" అని అడిగింది.

పక్కన కూర్చుని చెప్పింది. ముసలావిడ అప్పుడే పోయినట్టు ఏడ్చింది. ఆవిడకి అప్పుడే పోయింది మరి. ఏడ్చి ఏడ్చి, మొహం తుడుచుకుని, కోడలి వైపు తిరిగింది. "నేను అక్కడున్నానా? దాన్ని చూశానా?"

"చూశారు అత్తయ్యా."

"చూసింది నేను కాదే." ఒళ్ళో బట్టలు పక్కకి జరిపి మళ్ళీ అంది, ఎత్తిపొడుపు లేకుండా, నిజంగా తెలుసుకోవాలని: "అన్నాళ్ళు నేనలా ఉంటే, ఇంట్లో ఇద్దరు డాక్టర్లు. వాడి సంగతి సరే. నీకెందుకు తెలియలేదమ్మా?"

తెలియలేదు అంటే సరిపోయేది. నలుగురు డాక్టర్ల పేర్లు చెబితే ఇంకా సరిపోయేది.

"మీరు మాట్లాడకుండా ఉంటే నాకు హాయిగా ఉంది అత్తయ్యా," అంది.

అత్తగారు ఆవిడకేసి చూస్తూ ఉండిపోయింది. మాట అంటుందేమోనని కోడలు ఎదురుచూసింది. ఎంతసేపైనా అనలేదు. ఈసారి ఆ మౌనం ఏ మాత్రదీ కాదు.