ఎడమ చక్రం

డాక్టరమ్మ పాత కారుకు ముందు ఎడమ చక్రం కాలుతోంది. కాస్త దూరం పోతే చాలు, మాడు వాసన. కుడి చక్రం చల్లగానే ఉంటోంది. ఆ కారు కొన్ననాటి నుంచీ నడుపుతున్నది డ్రైవరు పెద్దాయనే. "నీకు వయసైపోయింది, ఇంకెవర్నైనా చూసుకోనా?" అని ఆమె ఈ మధ్య అంటోంది. తప్పు తనది కాదని పెద్దాయన తేల్చుకోవాలి. లేకపోతే ఆ సీటు పోతుంది. అందుకే బండిని ఆసుపత్రి వెనక సందులో ఉన్న బావమరిది షెడ్డుకు తెచ్చాడు.

బావమరిది జాకీ పెట్టి లేపాడు. ఇద్దరూ కలిసి తిప్పినా చక్రం కదల్లేదు.

"బ్రేకు కాలిపర్ పట్టేసిందిరా. లోపల పిన్నులు బిగుసుకుపోయుంటాయి."

"అన్నీ నువ్వే చెప్పేస్తే ఇక నేనెందుకు బావా? పోయి టీ పట్రా. ఆసుపత్రిలో డాక్టరమ్మకీ చెప్పు, ఓసారి రమ్మన్నానని."

టీ కొట్టు దగ్గర జనం ఉన్నారు. పెద్దాయన నడక ఎటూ నెమ్మదే.

బావమరిది చక్రం ఊడదీశాడు. కాలిపర్ విప్పి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడగట్టాడు. ఒక పిన్ను జారి వచ్చింది. రెండోది పట్టకారుతో మెలితిప్పితే గాని రాలేదు. దాని గ్రీజు ఎండి తారులా ఉంది. గరుకు కాగితంతో తుప్పు రుద్ది, కొత్త గ్రీజు పూశాడు. పిస్టన్ లోపలికి నొక్కి, అన్నీ బిగించి, బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కాడు. పాత గ్రీజు తుడిచి నల్లబడ్డ గుడ్డను పాత టైర్ల వెనక్కి విసిరాడు.

డాక్టరమ్మ వచ్చింది. అతను చిటికెనవేలితో చక్రాన్ని తోశాడు. గిర్రున తిరిగింది.

"చూశారామ్మా? బ్రేకుకేం రోగం లేదు. రోగమంతా కాలికే. మా బావ పెడల్ మీంచి పాదం తియ్యడు. తీశాననుకుంటాడు, పాపం."

పెద్దాయన టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అబద్ధమమ్మా! నా కాలే అయితే రెండు చక్రాలూ కాలాలి కదా? ఒక్క ఎడమదే ఎందుకు కాలింది?"

"రెండూ కాలాయి బావా. నీ చెయ్యి కూడా మొద్దుబారినట్టుంది."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది.

"ఇందాక అది కదల్లేదమ్మా! వీడూ పట్టుకుని తిప్పాడు."

"నేనా? పట్టపగలే కలలొస్తున్నాయా బావా నీకు?"

ఆమె గడియారం చూసుకుంది. "నా ప్రాణం నీ కాలి కింద పెట్టలేను. ఏమీ అనుకోకు."

"మనిషి కావాలంటే మా పెద్దోడున్నాడమ్మా. లైసెన్సు కూడా వచ్చింది."

పెద్దోడు షెడ్డు వెనక నుంచి వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. పెద్దాయన ఆ చొక్కాకేసి చూశాడు. "తాళాలివ్వు మావయ్యా" అన్నాడు వాడు.

"మీ అక్క మొగుణ్ణిరా నేను" అన్నాడు పెద్దాయన, బావమరిదికి మాత్రమే వినపడేలా.

"అందుకేగా, ఇంటిదాకా కార్లో దింపుతున్నాం."

తండ్రీ కొడుకులు ముందు కూర్చున్నారు. పెద్దాయన ఆ కారు వెనక సీట్లో, డాక్టరమ్మ పక్కన, కూర్చోవడం అదే మొదలు. సందు చివర మలుపు దగ్గర కూడా వాడు వేగం తగ్గించలేదు. పెద్దాయన కుడికాలు కింద పరిచిన రబ్బరు పట్టాను గట్టిగా నొక్కింది.

బావమరిది వెనక్కి తిరిగే ఉన్నాడు.

"అమ్మా, ఆ కాలు చూడండి! వెనకాల కూర్చుని కూడా తొక్కుతున్నాడు!"

డాక్టరమ్మ వంగి చూసింది. "అయ్యో, నిజమే" అంది.

కాలు వెనక్కి తీసుకుందామనుకున్నాడు. ఇంతలో సైకిలొకటి అడ్డం వచ్చింది. పెద్దాయన మళ్లీ తొక్కాడు. ముందు సీట్లో ఇద్దరూ పగలబడి నవ్వారు.