ఒక్క మొలకా లేని విత్తనదుంపలు

ఆ ఇంటి కోడల్ని అందరూ తొందరమ్మ అనే పిలుస్తారు. కాలు ఒకచోట నిలవని మనిషి. కూర్చుని కాఫీ తాగవే అంటే గుమ్మంలో నిలబడి సగం తాగి, మిగతా సగం ఎక్కడ పెట్టిందో మర్చిపోయే రకం. చలిదేశం నుంచి బంగాళాదుంప విత్తనం తెప్పించిన దగ్గర్నుంచీ అయితే ఇక చెప్పక్కర్లేదు, కాలు గాలిన పిల్లే అనుకోండి.

మరి వీళ్ళది ఎండదేశం. ఏడాదిలో కొండమీద మాత్రం కాస్త చలి పడుతుంది, అదీ చుట్టపుచూపుగా. ఆ చలి ఉండగానే దుంప నాటాలి, నేలలో కొత్త దుంప ఊరాలి. అదను దాటితే ఆకులు తప్ప కింద ఏమీ ఉండదు. కొండరైతులు తినగా మిగిలిన దుంపల్నే ఏళ్ళ తరబడి నాటుకుంటూ వచ్చారు. వాటికి తెగుళ్ళు ముదిరిపోయి పంట నానాటికీ తీసికట్టయింది. తొందరమ్మ వాళ్ళ దగ్గర చెవినిల్లు కట్టుకుని పోరింది. "మంచి విత్తనం నేను తెప్పిస్తాను, మీ పాతది అమ్మేయండి" అని. పాపం, నమ్మి అమ్మేశారు. ఇప్పుడు వాళ్ళ పొలాల్లో చాళ్ళు తీసి ఉన్నాయి, చేతిలో మాత్రం ఒక్క దుంప లేదు.

ఓడరేవులో తనిఖీవాళ్ళు పెట్టెలు విప్పి, దుంపలు కోసి చూసి, తీరిగ్గా వదిలేసరికి ఆవిడకి ప్రాణం విసిగిపోయింది. అక్కడితో అయిందా? ఓడలో శీతలపెట్టెలోంచి వచ్చిన దుంప నిద్రమత్తులో ఉంటుంది. మసక వెలుతురులో తట్టల్లో పరిచి, దుంప మీది గుంటల్లాంటి కళ్ళలోంచి పొట్టి మొలకలు వచ్చేదాకా ఆగాలి. ఆగడం! తొందరమ్మని ఆగమని చెప్పేదెవరండీ?

పరచడానికి ఉన్న చోటల్లా మామగారి గోడౌనే. ఆయన జన్మంతా మార్కెట్లో దుంపల వ్యాపారం చేసినవాడు. "నా దగ్గరున్నవి దుంపలు కావా? ఓడెక్కి రావాలా?" అన్నాడు మొదట్లో. "మీవి తినడానికండీ, నాటడానికి కాదు" అని ఈవిడ నలుగురిలో అనేసింది. అంతే, ఆయన మూతి ముడుచుకున్నాడు. గోడౌను తాళంచెవి మేకుకి తగిలించాడు గానీ మాట్లాడటం మానేశాడు. భోజనాల దగ్గర ఎదురుగా కోడలే వడ్డిస్తున్నా, "ఉప్పు తక్కువైందని మీ ఆవిడకి చెప్పరా" అని కొడుకుతో అనేవాడు. ఈవిడేం తక్కువ తిన్లేదు, "ఉప్పు పక్కనే ఉందని మీ నాన్నగారికి చెప్పండి" అనేది.

పొద్దస్తమానం గోడౌనుకీ ఇంటికీ తిరగడమే. తట్టలు తిప్పడం, కిటికీ ఓరగా తెరవడం, గాలి ఎక్కువైందేమోనని మళ్ళీ మూయడం. "పొదిగే కోడి కూడా ఇంత హడావిడి చెయ్యదే" అని మొగుడు నవ్వేవాడు. మొలక కనబడిన రోజు చిన్నపిల్లలా గెంతింది. పొట్టిగా, బొద్దుగా, పచ్చగా, ముద్దొచ్చే మొలకలు. అప్పుడైనా స్థిమితపడిందా అంటే, చాళ్ళలో తడి సరిపోతుందో లేదోనని కొత్త బెంగ పట్టుకుంది. ఉండబట్టలేక మొగుణ్ణి వెంటేసుకుని కొండెక్కింది. మట్టి చేత్తో పిసికి చూసుకుని, బండ్లు పంపమని పెద్దరైతుతో ఖాయం చేసుకుని, మర్నాడు సాయంత్రానికి దిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా గోడౌనుకే పరిగెత్తింది.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల్నుంచి నవ్వులు. ఒకప్పుడు ఆయన దగ్గర దుంపలు ఏరిన ముసలమ్మలంతా గోనెపట్టాల మీద చేరి కబుర్లాడుకుంటున్నారు. మధ్యలో మామగారు, పంచె ఎగ్గట్టుకుని.

"వచ్చావా అమ్మాయ్!" అన్నాడాయన. ఎన్నాళ్ళకి నోరు విప్పాడో! మొహం వెలిగిపోతోంది. "ఒక్కదానివే చాకిరీ చేస్తుంటే చూడలేకపోయానమ్మా. నువ్వు వెళ్ళాక తొంగి చూద్దును కదా, ప్రతిదానికీ మొలకలే! మొలకొచ్చిన సరుకు ఎవడు ముట్టుకుంటాడు? నీ పరువేం కాను? అందుకని పాతవాళ్ళందర్నీ పిలిపించి గిల్లించేశాను. వెతుక్కో, ఒక్క మొలక కనబడితే నా పేరు మార్చుకుంటా."

తొందరమ్మ ఒక తట్ట చూసింది. ఇంకో తట్ట చూసింది. వరసంతా చూసింది. దుంపలు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. మూలన గోనెసంచిలో మొలకల కుప్ప.

"అయ్యో, అయ్యయ్యో! కొంప ముంచేశారండీ! ఆ మొలకే మొక్క! మళ్ళీ మొలకలు వచ్చేసరికి చలి దాటిపోతుంది! కొండమీది వాళ్ళేం నాటుకోవాలి? వాళ్ళు ఏం తినాలి?"

మామగారికి వెంటనే తలకెక్కలేదు. పంట మార్కెట్‌కి వచ్చాకే ఆయన దుంప మొహం చూసేవాడు. మొలకంటే ఆయనకి చెడిపోయిన సరుకు, అంతే. "మొలకే మొక్కా?" అన్నాడు మెల్లిగా.

తొందరమ్మకి అప్పుడు తట్టింది. మొలక జాగ్రత్త అని లారీవాడికి చెప్పింది, హమాలీలకి చెప్పింది, రైతులకైతే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. ఇంట్లో మనిషికి చెప్పలేదు. పంతానికి పోయి మేకు మీది తాళంచెవి తీసుకుంది గానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఎవర్ని తిట్టాలో తెలియక ఏడుపొచ్చేసింది.

అంతలో ఫోను మోగింది. పెద్దరైతు.

"అమ్మా, బండ్లు సిద్ధం చేశాం. తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాం. ఆడవాళ్ళు కూడా వస్తామంటున్నారు, కొత్త విత్తనం చూడాలట!" ఆయన వెనకాల ఎవరో నవ్వుతున్నారు. తొందరమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మామగారి వైపు చూసింది.

మామగారు సంచి దగ్గరికి జరిగి ఒక మొలక తీశాడు. దుంప ఒళ్ళో పెట్టుకుని, కన్ను వెతికి, మొలకని అక్కడ ఆనించి బొటనవేలితో అదిమాడు. వేలు తీయగానే రాలిపోయింది. ఇంకొకటి తీశాడు.

"వద్దు మామయ్యా," అంది తొందరమ్మ. "అవి అతుక్కోవు."

"ఏవమ్మా అతుక్కోనివి?" అన్నాడు ఫోనులో పెద్దరైతు.